ఐలేశం బావ లాంచి, బీరప్ప బండారు

ఏమే, ఎన్నేండ్ల సంది నా పానం తింటున్నరు మీరంత? అవ్వా రజాకార్ల సంగతి చెప్పు, అవ్వా నీ పెండ్లి సంగతి చెప్పు, అవ్వా దొర గడీల ఏముంటుండె చెప్పు. చెప్పి చెప్పి నా దవడలు అరిగినయి. ఒక్కలన్న, ఒక్కనాడన్న, అవ్వా మన ఐలేశం తాత ఏం జేసిండే అని అడిగిండ్రా? వార్డు మెంబరు అయినోని ఫోటువకు దండ ఏస్తరు. ఆయనె ఫోటువ అసలు ఉన్నదా అని ఎవలికి తెల్వది. నేను గానాడు కిష్ణ ఏట్ల కొట్టుకపోయుంటె మీ నాయిన యాడికెళ్లి పుట్టెటోడు? మీరు యాడికెళ్లి వస్తుండె? ఇగ నవ్వకుండ్రి. రాసుకుంటనని కాయితాలు పట్టుకొని కూసున్నవు గద పిల్లా, రాయి. నేను ఎట్ల చెప్తె అట్లనె రాయి. నీ బడి మాటలు అండ్ల కలుపకు.

ఐలేశం అంటె మా భద్రమ్మక్క మొగడు. నాకు బావ. మాది దేవరకొండ దిక్కు. కురుమోళ్లం. ఆయనె గొర్ల నడుమ పుట్టిండు, గొర్ల నడుమనె పెరిగిండు. కడుపుబ్బిన గొర్రెను చూస్తె ఊరోళ్లంత ఆయన్నె పిలుస్తుండ్రి. దాన్ని పక్కకు ఒరగబెట్టి, డొక్క మీద ఏలుతోటి కొట్టి, చెవి ఆనిచ్చి ఇనేది. డబ్బ మోగినట్టు మోగితె లోపట గాలి ఉన్నట్టు. అప్పుడు ఏం జెయ్యాల్నో ఆయనకు తెలుసు. మాట తక్కువ మనిషి. మా అక్క మాట ఎక్కువ మనిషి. ఇద్దరికి సరిపోయింది.

ఒక వానకాలం జీవాలకు చిటుకు రోగం తలిగింది. పొద్దుగాల మేతకు పోయిన గొర్రె పొద్దుమీకె వరకు కాళ్లు తన్నుకొని పడేది. మందంత పోయింది. గొంగడి మిగిలింది, చేతిల కట్టె మిగిలింది. గప్పుడు సాగర్ కట్ట కడుతున్నరు. మా ఊర్లె సగం మంది అటే పోతున్నరు. మేము గూడ పోయినం. అక్క, బావ, నేను, మా ఆయన. రాళ్లు మోసుడు, సున్నం మోసుడు, తట్ట నెత్తి మీద, నిచ్చెన కాళ్ల కింద. ఆ నిచ్చెనలు చూస్తె మీకు ఇప్పుడు కండ్లు తిరుగుతయి.

బావకు నీళ్లంటె బుగులు. మోకాలు దాటితె ఎనుకకు వచ్చేది. మా దిక్కు నీళ్లెక్కడివే? బాయిల నీళ్లు చూసిన మనిషి, కిష్ణను చూసిన దినం ఒడ్డు మీదనె గొంగడి పరుసుకొని కూసున్నడు. అట్లాంటి మనిషి లాంచి మీదికి ఎట్ల ఎక్కిండంటె, కాలి బొటనేలు మీద బండ పడ్డది. కుంటుకుంట రాళ్లు ఎట్ల మోస్తడు? ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు కూలోళ్లను దాటిచ్చె లాంచి ఉండె. దాని మీద తాడు గుంజె పనికి ఏసిండ్రు. మూడొద్దులు కండ్లు మూసుకొనె తాడు గుంజిండు.

లాంచి నడిపెటోన్ని సరంగు అంటరు. గప్పటి సరంగు రఘుపతి అని, సముద్రం దిక్కు ముసలాయన. ఆయన మాట మనకు సగం అర్థమయ్యేది, మన మాట ఆయనకు అంత గూడ కాకపోయేది.

"ఏరా గొర్రెల ఐలేశం! తాడు పట్టమంటే పొట్టేలు తోక పట్టినట్టు పడతావేంట్రా?" అని అరిచేటోడు.

"పొట్టేలును తోక కాడ ఎవలు పడ్తరు పెద్దయ్యా? కొమ్ము కాడ పడ్తరు. నీకు తాడు తెలుస్తది గని జీవం తెల్వది" అనేటోడు బావ.

ముసలాయన పడి పడి నవ్వేటోడు. గట్లనె దోస్తాను కుదిరింది. ఆ నవ్వుల్ల నవ్వుల్ల చక్రం పట్టుడు నేర్పిండు, ఇంజను సప్పుడు ఇనుడు నేర్పిండు, నీళ్ల రంగు చూసి లోతు చెప్పుడు నేర్పిండు.

ఇగ ఆ లాంచి సంగతి ఇనుండ్రి, లేకపోతె ముంగటిది సమజ్ గాదు. అది ఏదో రేవు పట్నంల ముసలిదైనంక లారీ మీద ఎక్కిచ్చుకొచ్చిండ్రు. వేరె పడవలకు తాళ్లతోటి, గొలుసులతోటి చుక్కాని తిరుగుతది. దీనికి నూనెతోటి. చక్రం కాడ చిన్న నూనె తొట్టి, దాని మీద గుండ్రటి ఇత్తడి మూత. ఆడికెళ్లి రెండు రాగి గొట్టాలు అడుగుపొంటి ఎనుకదాక పోతయి. ఎనుక చుక్కాని కాడ ఇనుప బొంగు, బొంగుల ఒక కడ్డీ. చక్రం కుడికి తిప్పితె ఒక గొట్టంల నూనె పోయి కడ్డీని నూకుతది. ఎడమకు తిప్పితె రెండో గొట్టంల పోయి ఇటు నూకుతది. కడ్డీ ఎటు పోతె చుక్కాని అటు. గంతే. నూనె గట్టిది, దాన్ని నూకితె అది ముంగటిదాన్ని నూకుతది. గాలి అట్ల గాదు. గాలిని నూకితె నలిగి ఊకుంటది. గొట్టంల గాలి జొరబడ్డదనుకో, నువ్వు చక్రం ఎంత తిప్పు, బొంగరం లెక్క తిరుగుతది, ఎనుక చుక్కాని పండుకొని ఉంటది.

ముసలి సరంగుకు చలిజరం వచ్చి తన దేశం పోయిండు. పోయేటప్పుడు చక్రం బావ చేతుల పెట్టిపోయిండు. నీళ్లకు బుగులు పడెటోడు సరంగు అయిండు. లోపట బుగులు పోలే, అది నాకు ఎరికె. అందుకె బీరప్పను తెచ్చి ముంగట పెట్టుకున్నడు.

మన బీరప్పకు బండారు ఉంటది గద, పసుపు. ఇంటి దేవుని సంచిల ఉంటదే, గదే. మంద పోయినా మా అక్క ఆ సంచి మాత్రం ఇడిసిపెట్టలే, సాగర్ కు గూడ నడుముకు కట్టుకొని వచ్చింది. బావ ప్రతి ఆదివారం తానం చేసి, చిటికెడు బండారు నూనెల కలిపి, ఆ ఇత్తడి మూత మీద మెత్తేటోడు. అది గుండ్రంగ, తళతళ మెరుసుకుంట నున్నటి నొసలు లెక్కనె ఉండె. ఎవలైన అక్కడనె పెడ్తరు. మొక్కినంకనె ఇంజను పెట్టమనేటోడు. ఆడోళ్లంత కొంగు పట్టుకొని మొక్కి ఎక్కెటోళ్లు. నేను గూడ మొక్కిన.

కొన్నొద్దులకు చక్రం మెత్తవడుడు మొదలైంది. దినమంత ఎండ కాసి తెల్లారి చల్లగయితె, పొద్దుగాల మొదటి దాటుల చక్రం రెండు చుట్లు ఉత్తగనె తిరిగేది. బావ మొఖం తెల్లగయ్యేది. ఖార్ఖానా నుంచి మిస్త్రీ దశరథాన్ని పిలుచుకొచ్చిండు. దశరథం మంచి పనోడు, నోరు మాత్రం జర ఎక్కువ. గొట్టాలంత గుడ్డతోటి తుడిసి, ఎక్కడన్న చెమ్మ తలుగుతాందా అని ఏలుతోటి చూసుకుంట పోయిండు. జాయింట్లు బిగిచ్చిండు. చక్రం దగ్గరికి వచ్చి మూత చూసి నవ్విండు.

"ఇదేందయ్యా ఐలేశం, నూనె తొట్టినా, గుడినా?"

"చేతులు కడుక్కొని ముట్టు మిస్త్రీ. దేవుని జాగ అది."

మిస్త్రీ గూడ భక్తి ఉన్నోడే. చేతులు కడుక్కున్నడు. బండారు చెరిగిపోకుండ అంచుల పొంటి పట్టి తిప్పి, మూత తీసిండు. తీయంగనె సుయ్ మన్నది. దూప గొన్నోడు నీళ్లు గుంజినట్టు. "చూసినవా, లాంచి ఊపిరి తీస్తాంది" అన్నడు బావ సంబురంగ. మిస్త్రీ గూడ అవునన్నడు. ఆ సప్పుడు ఎందుకొచ్చిందని ఇద్దర్ల ఒక్కలకు తట్టలే.

గాలి తీసుడు ముగ్గురి పని. ఒకరు చక్రం కాడ, ఒకరు తొట్టిల నూనె పోసుకుంట, ఒకరు ఎనుక బొంగు కాడ. బొంగుకు రెండు కొసలకు చిన్న మరలు ఉంటయి. ఒక మరకు రబ్బరు గొట్టం తొడిగి, రెండో కొస సీసల నూనెల ముంచి పెడ్తరు. మర ఇడిసి, చక్రం నిదానంగ ఒక దిక్కు తిప్పమంటరు. సీసల బుడబుడ బుడగలు వస్తయి. మర బిగిచ్చినంకనె చక్రం ఆపాలె. మర ఇడిసి ఉన్నప్పుడు చక్రం ఆపినవా, మల్లిచ్చినవా, పోయిన గాలి మల్ల లోపటికె వస్తది. తొట్టిల నూనె అడుగంటొద్దు, అంటితె ఆ పొంటి ఇంకింత గాలి. బుడగలు ఆగి సక్కటి నూనె వచ్చేదాక గిదే పని. తర్వాత రెండో దిక్కు. సీసల పడ్డ నూనెను ఎంటనె తొట్టిల పొయ్యొద్దు, అండ్ల నురగ ఉంటది. నాకెట్ల ఎరికనా? ఆనాడు తొట్టిల నూనె పోసింది నేనే గద. బువ్వ తిని ఖాళీగ కూసున్ననని బావ నా చేతికి డబ్బ ఇచ్చిండు.

పని అయినంక చక్రం గట్టిగ అయింది. నాలుగొద్దులు మంచిగ నడిసింది. మల్ల మెత్తవడ్డది. మల్ల మిస్త్రీ, మల్ల సుయ్, మల్ల గాలి తీసుడు. ఈసారి బావకు ఏం తోచిందంటె, బీరప్పకు తక్కువ చేస్తున్న అని. ఆదివారం ఒక్కనాడు పెట్టేది, బేస్తారం గూడ పెట్టుడు మొదలువెట్టిండు. చిటికెడు పెట్టేది గుప్పెడు పెట్టిండు. ఆ మూత మీద బండారు పొరలు పొరలు ఎండి రొట్టె మందం అయింది. ఎంత పెడితె అంత తొందరగ చక్రం మెత్తవడుతాంది. ఎంత మెత్తవడితె అంత ఎక్కువ పెడుతుండు. మొఖం పీక్కపోయింది ఆయనకు. అక్క అడిగితె "ఏం లేదు" అనేటోడు. నాకొక్కదానికె ఒకనాడు చెప్పిండు. "రామమ్మా, ఒడ్డు కాడ మెత్తవడితె సరె. నడుమ ఏట్ల మెత్తవడితె ఈ ఆడోళ్లందర్ని నేను ఏం జేద్దునే?"

గదే అయింది.

శ్రావణమాసం. పైన యాడనో వానలు పడి కిష్ణ ఎర్రగ వచ్చింది. రెండొద్దులు లాంచి ఆపిండ్రు. మూడో దినం నీళ్లు జర తగ్గినయి, నడుస్తదన్నరు. బావ గూడ సరె అన్నడు. ఆనాడు బేస్తారం. తాజాగ బండారు మెత్తి, మొక్కి, ఇంజను పెట్టమన్నడు. లాంచి నిండ ఆడోళ్లమే. మేము దాటే కాడికి దిగువల, నీళ్లు పోయె దిక్కు కట్ట. కట్ట నడుమ ఇంకా కట్టని సందు, ఇల్లు పట్టేంత సందు. నీళ్లన్ని ఆ సందులకె ఉరికి అవతల బండల మీద పడుతయి. ఆ సప్పుడు ఈ ఒడ్డు కాడికె ఇనవస్తుండె. దాంట్ల పడితె లాంచి పుల్లలు గూడ దొరకయి.

సగం ఏరు దాటినం. నేను చక్రం పక్కనె నిలవడ్డ. బావ ముంగటికి చూసుకుంట చక్రం ఎడమకు తిప్పిండు. తిప్పిండు. మల్ల తిప్పిండు. లాంచి ఎడమకు పోలే. లాంచి ముంగటి ముట్టె మెల్లగ కుడికి, సందు దిక్కు మల్లింది.

ఆయనె నా దిక్కు చూసిండు. ఆ చూపుతోటె నాకు సమజైంది.

ఎనుక మారెమ్మ కూసున్నది. మారెమ్మ అంటె మా ముఠాల నోరుగల్ల మనిషి, మేస్త్రీలను గూడ తిట్టేది. "ఓ సరంగూ, ఎటు తీస్కపోతున్నవయ్యా? అవతలి ఒడ్డు అటున్నది!" అని ఒర్రింది. అందరు నవ్విండ్రు. తర్వాత కట్ట సందు కనబడ్డది. నవ్వు బందైంది.

"లంగరు ఎయ్యి కాటమయ్యా!" అన్నడు బావ. ఇంజను చూసేటాయన కాటమయ్య. ఉరికొచ్చి ముంగటి నుంచి లంగరు ఇడిసిండు. తాడు సరసర పోయింది, పోయి పోయి గట్టిగ గుంజి నిలవడ్డది. లాంచి గిర్రున తిరిగి ముట్టె నీళ్లకు ఎదురు పెట్టింది. ఆడోళ్లు ఒకలి మీద ఒకలు పడ్డరు. నిలిచింది అనుకున్నం. నిలువలే. లంగరు బండల మీద జారుతాంది. కొంచెం ఆగుతది, గర్రుమంటది, మల్ల జారుతది. జారినప్పుడల్ల ఆ సందు దగ్గరయితాంది. కాటమయ్య ఇంజను ముంగటికి నడిపి తాడు మీద బరువు తక్కువ చేస్తుండు. గని చుక్కాని లేని లాంచి తాగినోని లెక్క ఇటు ఊగుతది, అటు ఊగుతది.

"గాలి తియ్యాలె" అన్నడు బావ. "ఇప్పుడె. ఈడనె. రామమ్మా, నూనె డబ్బ పట్టు. మారెమ్మక్కా, లేచి చక్రం పట్టు."

"నేనా? తట్ట పట్టిన చెయ్యి ఇది!"

"తట్ట పట్టిన చెయ్యె కావాలె. దా."

ఆయనె పానా, సీస, రబ్బరు గొట్టం పట్టుకొని ఎనుకకు ఉరికిండు. చుక్కాని బొంగు మీది చెక్క తీసి, తల లోపటికి, కాళ్లు బయటికి పెట్టి పండుకున్నడు. నేను మూత తీసిన. సుయ్ మన్నది. మారెమ్మ చక్రం పట్టింది. ఎనుక ఆయనె ఏమంటున్నడో మాకు ఇనరాదు, ఇంజను సప్పుడు, నీళ్ల సప్పుడు. అప్పుడు ఆడోళ్లె వరుసగ ఎనుక నుంచి ముంగటిదాక కూసొని మాట అందియ్యవట్టిరి, తట్టలు అందిచ్చినట్టు.

"కుడికట!"

"కుడికట!"

"కుడికట మారెమ్మా! నిదానంగట!"

"నిదానమే తిప్పుతున్న, మీ నోరు పడ! ఇంకెంత నిదానం?"

"ఆపొద్దట! ఆపొద్దట! ఆయనె చెప్పేదాక ఆపొద్దట!"

"నూనె పోయవట్టిందా అడుగుతుండు!"

"పోస్తున్న అని చెప్పు!"

నేను తొట్టిల కన్ను తియ్యకుండ పోస్తున్న. లాంచి ఊగితె నూనె నా చీర మీద పడుతాంది. తొట్టిల నూనె గబగబ దిగుతాంది. డబ్బ తేలికైతాంది. లంగరు మల్ల జారింది. ఒక పిల్లది ఏడుసుడు మొదలువెట్టింది. "ఏడువకే, మాట అందియ్యి!" అని మారెమ్మ కసిరింది. ఆ పిల్ల ఏడ్సుకుంటనె "ఎడమకట" అన్నది.

"డబ్బల నూనె అడుగంటింది, సీసలది పోద్దునా అని అడుగుండ్రి!" అన్న నేను.

పోయిన మాట పోయినట్టె తిరిగొచ్చింది. "వద్దట! నురగ ఉన్నదట! ఉన్నదాంతోనె సరిపెట్టమంటుండు!"

డబ్బను బోర్లిచ్చి చుక్క చుక్క ఇడిసిన. అప్పుడె మారెమ్మ చేతుల కింద చక్రం బిర్రుగయింది. "పట్టింది! పట్టిందే!" అని అరిసింది. బావ లేచి ఉరికొచ్చిండు. మొఖం నిండ నూనె. చక్రం అటు తిప్పి ఇటు తిప్పి చూసిండు. చుక్కాని మాట ఇంటాంది. తొట్టిల నీళ్లు పడకుండ నేను మూత పెట్టి గట్టిగ బిగిచ్చిన.

లంగరు గుంజితె రాలే, ఈసారి ఏదో బండ సందుల ఇరికింది. ఇంతసేపు జారింది, ఇప్పుడు రానంటది. బావ గొడ్డలి తీస్కొని తాడు కోసిండు. కోసే ముంగట ఒక్క నిమిషం ఆగిండు. తాడు కోసినంక చక్రం ఒక్కటె దిక్కు.

మా ఒడ్డు దిక్కె మల్లిచ్చిండు. లాంచి ఎదురు నీళ్లకు అడ్డంగ మెల్ల మెల్లగ వస్తాంది. అందరు ఊపిరి పీల్చుకున్నరు. మారెమ్మ కొంగుతోటి చెమట తుడుసుకున్నది. గప్పుడె చూసిన నేను. బావ చేతుల కింద చక్రం జర ఎక్కువ తిరిగింది. మల్ల తిరిగింది. మెత్తవడుతాంది. నూనె లేదు, లంగరు లేదు.

బావ మూత దిక్కు చూసిండు. అట్లనె చూస్తుండు. నేను గూడ చూసిన. తాజా బండారు తడితడిగ ఉన్నది గద, నడుమ చిన్నగ గుంట పడ్డది. చక్రం తిప్పితె ఆ గుంట లోపటికి గుంజుకుంటాంది. ఇంకో చుట్టు తిప్పితె ఇంకింత లోతుగ. ఊపిరాడని గొర్రె డొక్క గుంజుకున్నట్టె.

"మూత తియ్యి పిల్లా!"

"నీళ్లు పడుతయి బావా."

"తియ్యి అంటున్న! దానికి ఊపిరాడుతలేదు!"

తిప్పి తీసిన. సుయ్య్ మన్నది, ఎన్నడు లేనంత గట్టిగ. బావ చక్రం తిప్పుకుంటనె ఉన్నడు. తిరిగింది, ఉత్తగ తిరిగింది, ఇంకొక్క చుట్టు, తర్వాత చేతికి బరువు తలిగింది. చుక్కాని కదిలింది. ముట్టె ఒడ్డు దిక్కు లేచింది. తొట్టి మీద నేను కొంగు మడతేసి కప్పిన, గాలి పోతది, నీళ్లు పడవు. ఒడ్డు ముట్టేదాక ఆ కొంగు తియ్యలే. ఒడ్డుకు తలిగినంక మారెమ్మ నన్ను రెక్క పట్టి దింపింది.

మిస్త్రీ దశరథం ఉరికొచ్చిండు. గొట్టాలు చూస్తనన్నడు. "గొట్టాలు మంచిగనె ఉన్నయి మిస్త్రీ" అన్నడు బావ. ఒడ్డు మీద కూసొని మూత ఒడిల పెట్టుకున్నడు. గొర్ల కాళ్లల్ల ముండ్లు తీసె చిమ్టా మొలతాడుకు ఉంటుండె ఆయనకు, మంద పోయినా అది ఉండె. దాని మొనతోటి బండారు గోకవట్టిండు. పొరలు పొరలు లేసింది. అడుగున, మూత నడుమ, సూది పట్టేంత బెజ్జం కనబడ్డది.

మిస్త్రీ నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నడు. "అరె, తొట్టికి గాలి ఆడె బెజ్జం ఇది. నూనె గొట్టంలకు పోతె ఆ జాగల గాలి రావాలె. ఇది మూసుకుంటె తొట్టి గుంజుతది, చక్రం ఇరుసు కాడి సందుల నుంచి గాలి గొట్టంలకె పోతది. చేతులు కడుక్కున్న గని కన్ను పెట్టకపోతి గదనే."

పని కాడి నుంచి అక్క ఉరికొచ్చింది. లాంచి కొట్టుకపోయిందని ఎవలో చెప్పిండ్రట. మొగడు బతికి ఉన్నడు, చెల్లె బతికి ఉన్నది, అది చూసి ఏడువలే. మూత చూసింది. "దేవుని బండారు గోకుతున్నవా? కండ్లు పోయినయా నీకు? ఆయనె కాపాడి ఒడ్డుకు తెస్తె, ఆయన్నె గోకుతున్నవా?"

"భద్రా, నేను దీని నొసలనుకున్న" అన్నడు బావ. తల లేపలే. "ఇది ముక్కు. నేను ముక్కుల పోసిన బండారు."

అక్క పక్కన కూసొని గోకిన బండారు కింద పడకుండ కొంగు పట్టింది.

ఇగ దాచుకుంటె దాగేది. మిస్త్రీ గూడ "ఏదో గొట్టం ఊడింది అందాం" అన్నడు. బావ ఇనలే. కూలోళ్లందర్ని కూసోబెట్టి, మూత చూపిచ్చి, నా చేతులతోనె అయింది అని చెప్పిండు. మంచోడు అనుకున్నరా? ఏం లే. ఆ రాత్రె మిస్త్రీ నూనె పోసి, గాలి తీసి, కొత్త లంగరు కట్టిచ్చిండు గని, తెల్లారి ఒక్క ఆడిది లాంచి ఎక్కలే. "దేవునికె ఊపిరాడనియ్యనోడు, మాకు ఆడనిస్తడా?" అన్నది మారెమ్మ. ముందటి దినం చక్రం తిప్పిన మనిషె! నేను గూడ ఎక్కలే, నిజం చెప్తున్న. బావ చక్రం పట్టుకొని ఉత్త లాంచిల నిలవడ్డడు. ఎక్కుండ్రి అనలే.

అప్పుడు మా భద్రమ్మక్క వచ్చింది. ఆమె పని ఈ ఒడ్డునె, అప్పటిదాక లాంచి ఎక్కిన మనిషి గాదు. మొగనికంటె ఆమెకు నీళ్లంటె ఎక్కువ బుగులు. నడుముకు బీరప్ప సంచి. చెక్క మీద కాలు పెట్టి, వణుక్కుంట, తిట్టుకుంట ఎక్కింది. చక్రం ముంగటనె కూసున్నది, సంచి ఒడిల పెట్టుకొని.

"నీ దేవున్ని నేను చూసుకుంట. నువ్వు ఆ బెజ్జం చూసుకో" అన్నది.

బావ మూత ఇప్పి, ఎండకు పట్టి, బెజ్జంల నుంచి ఒక కన్నుతోటి చూసిండు. ఎలుగు కనబడ్డది. బిగిచ్చిండు. ఒడ్డు కాడనె చక్రం ఇటు కొసదాక, అటు కొసదాక తిప్పిండు. గట్టిగ ఉన్నది. ఇంజను పెట్టమన్నడు. పోయిండ్రు, మొగడు పెండ్లం ఇద్దరె, ఇంజను కాడ కాటమయ్య. ఒడ్డు మీద అందరం లాంచినె చూసుకుంట నిలవడ్డం. అవతలికి ముట్టి తిరిగొచ్చిండ్రు. అక్క మొఖం సున్నం కొట్టినట్టున్నది. దిగలే. కూసున్న కాడ్నె ఉండి మారెమ్మ దిక్కు చూసి, "ఎక్కుతవా, నన్నె మోసుకపొమ్మంటవా నీ తట్ట?" అన్నది. మారెమ్మ ఎక్కింది. ఎనుకపొంటి అందరం ఎక్కినం.

తర్వాత బండారు మానలే ఆయనె. చక్రం నిలబెట్టిన కట్టె మీద పెట్టేది. బెజ్జం మాత్రం ప్రతి దాటు ముంగట ఎలుగుకు పట్టి చూసేటోడు. కట్ట సందు మూసి, నీళ్లు నిండి, ఆ పని బందయ్యేదాక ఆ లాంచి మల్ల ఏట్ల నిలువలే. ఒక్క మనిషి తడువలే.

గా పని అయినంక ఊరికొచ్చి నాలుగు గొర్లు కొనుక్కున్నడు. నాలుగు నలభై అయినయి. ఇంట్ల ఏ మూత దొరికినా ఎలుగుకు పట్టి చూసుడు మానలే. కిరసనాయిలు డబ్బ మూత, పాల గిన్నె మూత, ఏదైన. పిల్లలు నవ్వెటోళ్లు. మీ నాయిన గూడ నవ్విండు. నవ్వుండ్రి బిడ్డా అనేటోడు. ఒక ఎండకాలం మంద కాడ ఆయనకు జరం వచ్చింది, దవాఖానకు తీస్కపోయెటప్పటికె పానం పోయింది. అరవై రెండేండ్లు ఆయనకు.